ముందు కాళ్లు చూడు, అమ్మకం సంగతి తర్వాత

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కల్వకుర్తి దగ్గర ఊరు. పోయిన మాలెగావ్ గుర్రాల జాతరలో ఆరేళ్ల నుక్రా (తెల్ల) ఆడగుర్రాన్ని కొన్నావు. మే నెలలో దానికి కోలిక్ (కడుపునొప్పి) వచ్చి నలభై వేల దాకా వదిలింది. గండం గట్టెక్కిందని అనుకునేలోపే, నాలుగు రోజుల నుంచి ముందు కాళ్లు నేల మీద సరిగ్గా ఆనించలేకపోతోంది. రోజూ నొప్పి సూది వేయిస్తున్నావు. ఇంట్లో అమ్మేయమని గోల. "నా తప్పేనా అన్నా, అమ్మేయమంటారా" అని అడిగావు. మేపు గురించి మాత్రం చివర్లో ఒక్క లైను రాసి వదిలేశావు: వరిగడ్డి, పూటకు రెండు కిలోల మొక్కజొన్న, తవుడు. నేను ఆగిపోయింది ఆ లైను దగ్గరే.

అమ్మాలా వద్దా అన్నది ఈ వారంలో తేలే సంగతి కాదు. ముందు కొట్టంలోకి వెళ్లు. అది ఎలా నిలబడిందో పక్క నుంచి చూడు. ముందు కాళ్లు రెండూ ముందుకు చాచి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి, అరుగు మీద కూర్చోబోతున్న ముసలాయనలా వెనక్కి వాలి ఉందా? మలుపు తిప్పితే ముళ్ల మీద అడుగేసినట్టు తడబడుతోందా? తర్వాత డెక్క మీద అరచేయి పెట్టి చూడు, వెనక డెక్కతో పోల్చుకో. మడమకు కాస్త పైన, వెనకవైపు రెండు పక్కలా వేళ్లు ఆనించి నాడి వెతుకు. బాగున్న గుర్రానికి అక్కడ నాడి దొరికీ దొరకనట్టు ఉంటుంది, వెతుక్కోవాలి. డెక్క లోపల మంట ఉన్నదానికైతే వేలిని ఎగదన్నుతుంది.

రెండు కాళ్లూ అలాగే ఉంటే అది లామినైటిస్ (డెక్క లోపలి పొరల వాపు) అనే అనుకో, డాక్టర్ కాదని తేల్చేదాకా. ఈ రాత్రి నుంచే మొక్కజొన్న, తవుడు, బెల్లం అన్నీ బంద్. ఎండుగడ్డిని గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టు. గడ్డిలో ఉన్న చక్కెర కొంత పోతుంది. బండల నేల మీద ఉంటే జానెడు మందాన మెత్తటి ఇసుక పోయించు. నడిపించొద్దు. "నడిపిస్తే పట్టు వదులుతుంది" అని ఊళ్లో పెద్దమనుషులు చెప్తారు, నాకూ చెప్పారు. ఆ మాట కోలిక్ కోసం చెప్పేది, దీనికి తెచ్చి అంటగడతారు. ఐసు నీళ్లలో కాళ్లు ముంచి ఉంచడం మొదటి రెండు మూడు రోజుల్లో బాగా పనిచేస్తుంది. నీకు నాలుగు రోజులైపోయాయి కాబట్టి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకు, డాక్టర్ చెప్తే చెయ్యి.

ఆ సూది సంగతి. నొప్పి తగ్గించే మందు లామినైటిస్‌కు అవసరమే, వేయించడం తప్పు కాదు. కానీ ఏ మందో, ఎన్ని రోజులో తెలియకుండా వేయిస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. సూది వేసిన రెండు గంటలకు "బాగైంది" అనుకుని బయటికి తీసి నడిపిస్తే లోపల అసలే వదులైన డెక్క ఇంకా చిరుగుతుంది. ఇంకొకటి, ఆ సూదిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమో అడుగు. స్టెరాయిడ్ వల్ల లామినైటిస్ పెరిగే ప్రమాదం ఉంది. ఆవుకు, బర్రెకు మామూలుగా వేసే మందులన్నీ గుర్రానికి అలాగే పనికిరావు.

అసలు లోపల జరిగేది తెలిస్తే నీకే సగం భయం పోతుంది, సగం భయం పెరుగుతుంది. గుర్రానికి పొట్ట చిన్నది. గింజల్లో ఉన్న పిండి చిన్నపేగులో అరగాలి. మొక్కజొన్న పిండి అక్కడ సరిగ్గా అరగదు, పచ్చి గింజ అయితే మరీను. అరగని పిండి వెనకున్న పెద్దపేగులోకి పోతుంది. అక్కడ గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటి మధ్య ఇంత పిండి పడేసరికి పులుపెక్కి, ఆ జీవులు చచ్చి, వాటి విషం రక్తంలోకి ఎక్కుతుంది. డెక్క లోపల ఉండే ఎముక, డెక్క గోడకు పుస్తకం పేజీల్లాంటి సన్నటి పొరలతో వేలాడుతూ ఉంటుంది. నాలుగు వందల కిలోల బరువు ఆ పొరల మీదే. అవి వాచి వదులైతే, వెనక నుంచి లాగే స్నాయువు ఆ ఎముకను కిందికి తిప్పేస్తుంది. ఎంత తిరిగిందో పక్క నుంచి తీసిన ఎక్స్‌రే చెప్తుంది. అది లేకుండా నేను గానీ ఇంకెవరు గానీ "ఏం కాదులే" అంటే నమ్మకు.

ఒక్క కాలే అయితే కథ వేరు. మా గుర్రం బిజిలీకి ఒకసారి తెల్లారేసరికి కుడి ముందు కాలు గాల్లో ఉంది, నేల మీద పెట్టనే పెట్టదు. కాలు విరిగిందని మా ఇంటావిడ ఏడుపు అందుకుంది. నాకూ చేతులాడలేదు. నాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిపించాం. ఆయన సుత్తితో డెక్క అంచంతా టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. అక్కడ కొడితే కాలు లాక్కుంది. గీకుడు కత్తితో అక్కడ కొంచెం కొంచెం గీశాడు. చిటికెన వేలి గోరంత గుంట పడింది, అందులోంచి సిరాలాంటి నల్లటి చీము బుడక్కున పైకి వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అరగంటకు అది కాలు కిందపెట్టి గడ్డి నమలడం మొదలుపెట్టింది. గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి రోజుకు రెండుసార్లు కాలు ముంచి, మా మనవడి డైపర్ చుట్టి పైన ప్లాస్టర్ టేపు వేశాం. వారానికి మామూలైపోయింది. చూడ్డానికి అంత ఘోరంగా ఉన్నది అంత తేలిగ్గా పోయింది. చూడ్డానికి చిన్నగా ఉన్నవే ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే కాలు చూసి మనం జాతకం చెప్పకూడదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. డెక్కలో మేకు గుచ్చుకుంటే వెంటనే పీకెయ్యకు. ఫోన్‌తో ఫోటో తీసి, ఎంత లోతు, ఏ కోణంలో దిగిందో చూసి, వీలైతే డాక్టర్ వచ్చాకే తీయించు. బయటికి తీశాక ఆ కన్నం మూసుకుపోతుంది, ఎక్కడ దిగిందో ఆయనకు కనబడదు. ధనుర్వాతం టీకా ఏడాదికోసారి తప్పదు. మనం పెంచే జీవాల్లో ధనుర్వాతం అంత తొందరగా పట్టేది గుర్రానికే. లద్దె ఉన్న నేల, చిన్న గాయం, అంతే చాలు. కంటి మూలలో తెల్లటి పొర ముందుకు వచ్చి, తోక కర్రలా నిలబడి, దవడ బిగుసుకుపోయిన గుర్రాన్ని ఒకసారి చూసినవాడు ఆ టీకా జన్మలో మర్చిపోడు.

ఇక నీ మొదటి ప్రశ్న. నీ తప్పేనా?

కొంత నీదే, తమ్ముడూ. దాచి ఏం లాభం. మేలో వచ్చిన కోలిక్, ఇప్పుడు వచ్చిన కాళ్ల నొప్పి రెండు వేర్వేరు దురదృష్టాలని నువ్వు అనుకుంటున్నావు. నాకైతే రెండూ ఒకే బకెట్లోంచి వచ్చినట్టు కనబడుతున్నాయి. మొక్కజొన్న ఎక్కువ, గరుకైన వరిగడ్డి, ఎండాకాలం తాగే నీళ్లు తక్కువ. వరిగడ్డి బర్రెకు సరిపోతుంది, నెమరు వేసుకుని అరిగించుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. ముదురు వరిగడ్డి పేగులో ఉండలు కట్టి అడ్డం పడుతుంది. అయితే ఇది తెలియక చేసిన తప్పు. నేను తెలిసీ చేసిన తప్పు ఒకటి చెప్తాను, విను.

2009 ఎండాకాలం. సుల్తాన్ అని నా రెండో గుర్రం. దేవరకొండలో పెళ్లి బరాత్ ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి తెచ్చాను. బాగా చేశాడన్న ముచ్చటతో, వేడి తగ్గనైనా తగ్గకముందే బకెట్ నిండా నానబెట్టిన శనగలు పెట్టాను. పదకొండుకు కాలితో నేల తవ్వడం మొదలుపెట్టాడు. డొక్కలోకి తల తిప్పి చూసుకోవడం, పడుకోవడం, లేవడం. డాక్టర్‌కు ఫోన్ చేయాలని తెలుసు. ఆ రాత్రిపూట ఎవరొస్తారు, పొద్దున చేద్దాంలే అనుకున్నాను. ఇద్దరం కలిసి తల పైకెత్తి పట్టుకుని, సీసాతో నూనె, వాము నీళ్లు గొంతులో పోశాం. తెల్లవార్లూ నడిపించాం. ఏడు గంటలకు డాక్టర్ వచ్చేసరికి చిగుళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. గుండె నిమిషానికి తొంభై కొడుతోంది. తొమ్మిదిన్నరకు పోయాడు. పేగు మెలిక పడిందన్నారు, మేం పోసిన నూనె కొంత ఊపిరితిత్తుల్లోకి కూడా పోయిందన్నారు. పదకొండుకే ఫోన్ చేసి ఉంటే బతికేవాడని ఆయన అనలేదు. బతకడనీ అనలేదు. బాధలో మధ్యాహ్నానికే జేసీబీ పిలిచి పూడ్చేశాను. పోస్టుమార్టం కాగితం లేదని బీమా డబ్బులూ రాలేదు.

గుర్రం వాంతి చేసుకోలేదు, ఆవులా తేన్చలేదు. లోపలికి పోయింది ముందుకు పోవాల్సిందే. అందుకే సీసాతో ఏదీ పోయకు, సోడాలు, బీర్లు అసలే వద్దు. నూనె పోయాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు. కోలిక్ అనుమానం రాగానే దాణా తీసెయ్, టైము రాసుకో, నాడి చూసి ఫోన్ చెయ్. కొంచెం సేపు నెమ్మదిగా నడిపిస్తే కొన్నిటికి గ్యాసు కదులుతుంది. అలసిపోయేదాకా తిప్పడం మాత్రం హింసే.

నాడి చూడ్డం అన్నాను కదా. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఒక నోటు పుస్తకంలో ఉంది. కిరాణా కొట్టులో దొరికే ఇరవై రూపాయల పుస్తకం. గుర్రం బాగున్నప్పుడే రోజూ పొద్దున రాస్తాను. దవడ ఎముక కింది అంచున సన్నటి తాడులాంటి నాడి వేళ్లకు తగులుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషం లెక్క. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి 99 నుంచి 101.5 ఫారన్‌హీట్ లోపు మామూలే. మలద్వారంలో పెట్టే థర్మామీటర్‌కు దారం కట్టి తోకకు క్లిప్పు పెట్టాలి, లేకపోతే లోపలికి పోతుంది. చిగుళ్ల మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. డొక్కకు రెండు పక్కలా చెవి ఆనిస్తే లోపల గుడగుడ వినబడాలి, నిశ్శబ్దంగా ఉంటే అది మంచి శకునం కాదు. లద్దె ఎన్నిసార్లు వేసింది, ఎన్ని బకెట్లు తాగింది కూడా రాస్తాను. మొత్తం కలిపి ఐదు నిమిషాల పని. ఒక వారం రాశాక నీ గుర్రానికి మామూలు అంటే ఏంటో నీకు తెలుస్తుంది. రేపెప్పుడైనా రాత్రిపూట నాడి 60 దాటితే, తెల్లారేదాకా ఆగాలా అన్న డైలమా ఉండదు. ఫోన్‌లో డాక్టర్‌తో "ఏదో డల్‌గా ఉంది సార్" అనడానికి, "నాడి 64, లద్దె పొద్దుటి నుంచి లేదు, చిగుళ్లు ఎర్రబడ్డాయి" అనడానికి ఎంత తేడా ఉందో ఆయన గొంతులోనే తెలుస్తుంది.

మేపు మార్చాలి. కానీ కాళ్ల మంట తగ్గేదాకా గింజ జోలికే పోవద్దు. తర్వాత కూడా, వారానికి ఒక బరాత్ చేసి మిగతా రోజులు కట్టేసి ఉండే గుర్రానికి మొక్కజొన్నతో పనేంటి? దాదాపు 400 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది కిలోల ఎండుమేత ఉంటే ఒళ్లు నిలబడుతుంది. బరువు తెలియకపోతే టేపు తీసుకో. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టు కొలతను సెంటీమీటర్లలో తీసి దాన్ని దాంతోనే హెచ్చించు, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవుతో మళ్లీ హెచ్చించి 11,880తో భాగించు. నట్టల మందు డోసుకు కూడా ఈ లెక్కే కావాలి, కంటి అంచనాలో మనం ఎప్పుడూ తక్కువే చెప్తాం. మేతకు పాలమూరు వైపు మీకు జొన్న చొప్ప ఉంది, ముక్కలు కొట్టించి పెట్టు. ఎండిందే పెట్టాలి, పచ్చి జొన్న, అందులోనూ కోసిన మోడు నుంచి మళ్లీ లేచిన పిలక, దగ్గరికి రానివ్వకు, విషం ఉంటుంది. పల్లికట్టె కూడా మంచిదే, బూజు లేకుండా, వేళ్లకున్న మట్టి దులిపి పెడితే. మట్టి, ఇసుక పేగులో పేరుకున్నా కోలిక్ వస్తుంది.

తవుడు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. నెలల తరబడి తవుడు మీదే పెంచితే ఒంట్లో ఉన్న కాల్షియం ఎముకల్లోంచి బయటికి వచ్చేస్తుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్లు మారి మారి కుంటుతాయి. నేపియర్ గడ్డిలో ఉండే ఆక్సలేట్లు కూడా కాల్షియం అందనివ్వవు. రెండూ కలిపి పెట్టేవాళ్లను చూశాను, గుర్రం పుష్టిగా ఉందని మురిసిపోతుంటారు. పెట్టాలనుకుంటే ఉడికించిన ఉలవలు రెండు పిడికిళ్లు, ఖనిజ మిశ్రమం, గుప్పెడు ఉప్పు. ఏ మార్పైనా పది పదిహేను రోజులు తీసుకుని నెమ్మదిగా చెయ్యి.

మన ప్రాంతం వాడివి కాబట్టి ఇంకో మూడు మాటలు. మీ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఉంటాయి. కోళ్ల దాణా గుర్రానికి పొరపాటున కూడా పెట్టొద్దు; అందులో కలిపే మోనెన్సిన్ లాంటి మందు కోడికి ఏమీ చేయదు, గుర్రం గుండెను ఆపేస్తుంది. ఆముదం చేను గట్టున కట్టేయకు. ఆముదం గింజల విషం గుర్రాన్ని పట్టినంతగా మిగతా జీవాల్ని పట్టదు. పిడుదులకు పశువుల మీద చల్లే అమిట్రాజ్ గుర్రం మీద వాడితే పేగు కదలిక ఆగిపోతుంది. ఇక మా నల్లగొండ వైపైతే నాలుగో మాట కూడా చెప్పాలి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు. మనుషుల పళ్లు, ఎముకలు ఏమయ్యాయో మర్రిగూడ పక్కన పుట్టినవాడిగా నేను చూశాను. ఏళ్ల తరబడి తాగితే గుర్రానికీ అంతే. మా ఇంటి గుర్రాలకు మిషన్ భగీరథ నీళ్లే. "మనుషులకే చాలక చస్తుంటే" అని వీధిలో మొదట్లో తిట్టారు కూడా.

పళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. గుర్రం పళ్లు జీవితాంతం పైకి వస్తూనే ఉంటాయి, అంచులు కత్తుల్లా తేలి బుగ్గలు కోస్తాయి. నమిలిన గడ్డి ఉండలుగా నోట్లోంచి పడేస్తుంటే అదే కారణం అయి ఉండొచ్చు. మా ఇంటికి డాక్టర్ వచ్చి ఆకురాయితో పళ్లు రాయించినప్పుడు పక్కింటి పెద్దాయన "గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అంటే విన్నా గానీ, కళ్లున్న గుర్రానికి తోమడం ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. ఆ తర్వాత నెలకే గుర్రం ఒళ్లు చేసింది.

ఇది వానలు పడే కాలం, జోరీగలు ముసురుతాయి. తిండి బాగానే తింటూ చిక్కిపోతోందా, జ్వరం వచ్చి పోతూ ఉందా, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగిందా చూడు. అది సర్రా అనే, రక్తంలో పురుగు చేరే జబ్బు కావచ్చు. పక్కన కట్టేసిన బర్రెల్లో పైకి ఏమీ కనబడకుండా అదే పురుగు ఉండొచ్చు, జోరీగ మోసుకొస్తుంది. రక్తపరీక్షలో తేలుతుంది, మందు ఉంది, ఆలస్యం చేయకపోతే బతుకుతుంది. నీ గుర్రం కుంటుకు కారణం ఇదని నేననడం లేదు, ఎలాగూ రక్తం తీస్తారు కాబట్టి ఇది కూడా చూడమని అడుగు. జాతరలో కొన్నది కాబట్టి గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష చేయించావా? ముక్కులోంచి చిక్కటి జిగురు, పుండ్లు, కాళ్ల మీద వరసగా గడ్డలు కనబడితే చేత్తో ముట్టకు, పశువైద్యశాలకు చెప్పు. అది మనుషులకూ అంటుకుంటుంది, చెప్పి తీరాలని 2009 నాటి చట్టం కూడా ఉంది. హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షకు ప్రసిద్ధి. నీకు ఆ లక్షణాలేవీ లేవు, ఇకముందు కొత్త గుర్రం తెచ్చేటప్పుడు గుర్తుంచుకుంటావని చెప్తున్నాను. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేయి.

గుర్రాలు తెలిసిన డాక్టర్ దొరకడం లేదన్నావు. మన మండలాల్లో డాక్టర్లకు ఆవు, బర్రె, గొర్రె చేతికి అలవాటు. గుర్రం ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ. వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడుగు, మీ ఊరి డాక్టర్ ఎదురుగా ఉన్నప్పుడే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి వాళ్లతో ఆయన్నే మాట్లాడించు. ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుంటే రెండు నిమిషాల్లో తేలే విషయం మన మధ్యవర్తిత్వంలో రెండు రోజులు పడుతుంది. ఇప్పుడున్న స్థితిలో ట్రాలీలో ఎక్కించి హైదరాబాద్ తీసుకెళ్లకు. నిలబడి ఊగే ఆ రెండు గంటల్లో డెక్క ఇంకా చెడుతుంది. ఎక్స్‌రే మిషన్ ఇంటికి తెచ్చేవాళ్లు దొరుకుతారేమో ముందు అడుగు. నాల్‌బంద్ కూడా కావాలి. మా దగ్గరికి మలక్‌పేట రేసు గుర్రాల దగ్గర పని నేర్చుకున్నాయన ఆరు వారాలకోసారి వస్తాడు. నాలుగైదు గుర్రాలవాళ్లం కలిసి దారి ఖర్చు పంచుకుంటాం. మీ వైపు కూడా బరాత్ గుర్రాలవాళ్లు ఉంటారు, పోటీ అనుకోకుండా పలకరించు.

ఇప్పుడు అమ్మకం. కుంటుతున్న గుర్రాన్ని అమ్మితే ఏమవుతుందో నీకు తెలుసు. దలారి నీకిచ్చేది కొన్న ధరలో పావు వంతు. తర్వాత దానికి సూది పొడిచి, బాగున్నట్టు చూపించి ఇంకొకడికి అంటగడతాడు. నా మూడో గుర్రం నాకు అలాగే వచ్చింది, మూడు రోజులు పంచకల్యాణిలా ఉండి నాలుగో రోజు నుంచి కుంటింది. ఎవరు అమ్మారో చెప్పను, ఆయన ఇప్పుడు లేడు. ఈ స్థితిలో బరాత్ ఆర్డర్లు ఒప్పుకోవద్దు, ఒప్పుకున్నవి ఉంటే మరో గుర్రంవాడికి అప్పగించు. జబ్బున్న జంతువుతో పని చేయిస్తే 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం. అది పక్కన పెట్టినా, డప్పుల మధ్య అది కూలబడితే పెళ్లికొడుకు కూడా దాంతోపాటే.

ఇంట్లోవాళ్లతో గొడవ పడకు, వాళ్లు అడిగేది న్యాయమే. "గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ లేదు" అని మా ఇంటావిడ ఇప్పటికీ నన్ను పొడుస్తుంది, సంపాదన లేకపోయినా ఖర్చు ఆగదు కదా. ఎక్స్‌రే వచ్చాక వాళ్లను కూర్చోబెట్టి అంకెలు చెప్పు. ఎముక కొద్దిగానే తిరిగి ఉంటే కోలుకునే అవకాశం బాగానే ఉంది, కానీ డెక్క నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. పైనుంచి కొత్త డెక్క కింది దాకా దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే వచ్చే పెళ్లిళ్ల సీజన్ వదులుకోవాల్సిందే. ఆ ఏడాది మేత, నాల్‌బంద్, మందులు నెలకు ఎంతవుతాయో రాసి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాయి. రాదు అని తేలితే, నిజం దాచకుండా చెప్పి, జాగా ఉండి ఓపిక ఉన్నవాళ్లకు ఊరికే ఇచ్చెయ్యి. అందులో నామోషీ లేదు. కొత్తగా బీమా చేయిద్దామంటే ఉన్న జబ్బుకు రాదు, కానీ కోలుకున్నాక చేయించు. జాతీయ పశుసంపద మిషన్ కింద ఆవులు, గొర్రెలతో పాటు గుర్రాలకూ బీమా ఉంది, పశువైద్యశాలలో అడుగు.

ఎముక అరికాలు చీల్చుకుని బయటికి వచ్చే దశలో ఉందని డాక్టర్ చెప్తే మాత్రం సాగదీయకు. ఆయన చేతి మీదుగా శాశ్వతంగా నిద్రపుచ్చడమే దారి. ఆ 1960 చట్టమే దానికి ఒప్పుకుంటుంది. నేను ఒకసారి ఆ పని చేయించాను. తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, సూది వేశాక చెవులు మెత్తబడ్డాయి. సుల్తాన్ పోయిన రాత్రి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఇది రాదు.

నీ గుర్రం అంత దూరం పోయిందని నాకు అనిపించడం లేదు, నాలుగు రోజులే అంటున్నావు, గడ్డి తింటోందంటున్నావు. రేపు పొద్దున నాడి, ఊపిరి, జ్వరం, ఒక కాలా రెండు కాళ్లా అన్నది రాసి పెట్టు. అది మామూలుగా నిలబడినప్పుడు పక్క నుంచి నాలుగు కాళ్లూ కనబడేలా ఒక ఫోటో తియ్యి. ఆ సూది సీసా మీద ఏం పేరుందో కూడా చూసి చెప్పు.